ప్లానర్ చెప్పిన సాక్ష్యం

“నేను తీసెయ్యలేదమ్మా. ఉంది. కావాలంటే చూడండి.”

రికార్డుల మాస్టారు ఆ మాట అనడం అది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ ఆస్పత్రి సెక్యూరిటీ అధికారికి చెప్పాడు. గోడకు చెప్పినట్టే అయింది. ఇప్పుడు ఎదురుగా కూర్చున్న డిటెక్టివ్‌కి చెప్తున్నాడు. ఆవిడ నమ్మాననీ అనలేదు, నమ్మలేదనీ అనలేదు. గడియారం చూసి, చేతిలోని కాగితం మీద పది ఇరవై అని వేసుకుంది.

“మొదట్నుంచీ చెప్పండి మాస్టారూ. నాకు కంప్యూటర్లు తెలుసు కానీ మీ కంప్యూటర్ తెలియదు.”

ఆ మాటతో మాస్టారి ముఖంలోకి కాస్త కళ వచ్చింది. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. ఆ ఆస్పత్రిలో డాక్టర్ల దగ్గర్నుంచి నర్సుల దాకా అందరికీ కంప్యూటర్ నేర్పింది ఆయనే కాబట్టి అందరికీ మాస్టారే. సోమవారం నుంచి సస్పెన్షన్‌లో ఉన్నాడు. ఈ మధ్యాహ్నం పన్నెండింటికి పోలీసులకు అప్పగిస్తామని చెప్పారు. అయినా మడత నలగని చొక్కా వేసుకొచ్చాడు. “తప్పు చెయ్యనివాడు నలిగిన బట్టలతో వెళ్ళకూడదని మా ఆవిడ పొద్దున్నే ఇస్త్రీ చేసింది” అని, అడగకపోయినా సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

జరిగింది ఇది. ఆస్పత్రికి వచ్చిన నలభై లక్షల మంది పేషెంట్ల వివరాలు కంప్యూటర్లో మనిషికో వరుసగా ఒకే పెద్ద టేబుల్‌లో ఉన్నాయి. వాళ్ళలో ఒక రకం మత్తు ఇంజెక్షన్ పడనివాళ్ళు నాలుగు వేల పైచిలుకు. వాళ్ళ పేర్ల పక్కన ఒక హెచ్చరిక గుర్తు ఉంటుంది. ఆపరేషన్ థియేటర్‌లో నర్సు మీట నొక్కితే ఆ గుర్తున్నవాళ్ళ జాబితా తెర మీదికి రావాలి. అది తొందరగా రావడానికి పదిహేనేళ్ళ కిందట మాస్టారు ఒక ఇండెక్స్ కట్టాడు. ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పడానికి పుస్తకం చివర పట్టిక ఉంటుందే, అలాంటిది. ఇన్నేళ్ళూ రెప్పపాటులో జాబితా వచ్చేది. సోమవారం తొమ్మిది పదికి రాలేదు. తెర ముప్పై సెకన్లు ఎదురుచూసి, ఓపిక నశించి, ఖాళీ జాబితా చూపించింది. ఎవరికీ హెచ్చరిక లేదనుకుని, కాలు విరిగి వచ్చిన బస్సు డ్రైవరుకి ఇంజెక్షన్ ఇచ్చేశారు. అతని ఊపిరి ఆగిపోయింది. అందరూ కలిసి పెనుగులాడి ప్రాణం నిలబెట్టారు. నిన్నటి నుంచి కళ్ళు తెరిచి మాట్లాడుతున్నాడు.

“మీటకి జవాబు రాకపోతే ఖాళీ చూపించొద్దు, ‘ఆగండి’ అని చూపించండి అని మూడుసార్లు రాశానమ్మా,” అన్నాడు మాస్టారు. “ఎవరూ వినలేదు. నాలుగోసారి రాయకపోవడం మాత్రం నా తప్పే.”

తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ సెక్యూరిటీ అధికారి గొంతు సవరించుకున్నాడు. పోలీసు ఉద్యోగం ముగించుకుని ఇక్కడ చేరిన మనిషి. తను ఉండగా సూపరింటెండెంట్ బయటి నుంచి డిటెక్టివ్‌ను పిలిపించడం ఆయనకు బొత్తిగా నచ్చలేదు. ఆ వచ్చిన డిటెక్టివ్ సొంత మరదలు కావడం ఇంకా నచ్చలేదు. మేనత్త కొడుకుగా ఆమెతో కలిసి పెరిగాడు, ఆమె అక్కను పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకు యాభై ఒకటో ఏడు నడుస్తున్నా ఇప్పటికీ చిన్నప్పటి ముద్దుపేరుతోనే పిలుస్తాడు.

“ఇంకా ఏం అడుగుతావు చిట్టీ? కొత్త సాఫ్ట్‌వేర్ కొంటున్నారు, ఈయన్ని ఇంటికి పంపుతున్నారు. ఆ కోపంతో ఇండెక్స్ తీసేశాడు. మనిషి ప్రాణం మీదికి వచ్చేసరికి భయపడి మళ్ళీ పెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం ఈయన లాగిన్‌తో ఈ గదిలో పని జరిగింది. నా దగ్గర టైముతో సహా ఉంది. ఒకటి యాభై ఎనిమిది నుంచి రెండు ఇరవై ఒకటి వరకు.”

“బావా, పనిలో ఉన్నప్పుడు చిట్టీ అనకు.”

“సరే. మేడం చిట్టీ.”

మాస్టారికి నవ్వొచ్చింది. రెండు రోజుల తర్వాత వచ్చిన నవ్వు కాబట్టి దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

“మళ్ళీ పెట్టాడు అంటున్నావు కదా,” అంది డిటెక్టివ్. “అయితే ఇప్పుడు జాబితా ఎంతసేపట్లో వస్తోంది?”

“పదకొండు నిమిషాలు. అందుకే తెర ఆగే టైము ఇరవై నిమిషాలు చేయించాను. థియేటర్‌లో ముందే మీట నొక్కి పెట్టుకుంటున్నారు.”

“ఇండెక్స్ తిరిగొచ్చింది. జాబితా మాత్రం ఇంకా పదకొండు నిమిషాలు తీసుకుంటోంది. మరి నీ కథలో ఇది ఎక్కడ ఇముడుతుంది?”

బావ తలుపు దగ్గర్నుంచి ఒకడుగు లోపలికి వేశాడు.

ఆమె కుర్చీని మాస్టారి పక్కకు జరుపుకుంది. “ముగ్గురు అనుమానితులు ఉన్నారు మాస్టారూ. ఒక్కొక్కర్నీ చూద్దాం. అడిగే ప్రశ్న రూపాన్ని ఎవరైనా మార్చారా? గుర్తును అక్షరాల్లో దాచుకుని అంకెగా అడిగినా, మధ్యలో ఏదైనా ఫార్ములా తగిలించినా ఇండెక్స్ అక్కరకు రాదు కదా.”

“మార్చలేదమ్మా. అక్షరాల్లోనే దాచాం, అక్షరాల్లోనే అడుగుతున్నాం. ప్రశ్న పదిహేనేళ్ళుగా అదే.”

“ఇండెక్స్ లోపల పాడైందేమో?”

“నిన్న మొత్తం పరీక్షించాను. సార్ పక్కనే నిలబడ్డారు. ఒక్క పొల్లు కూడా పోలేదు.”

“నేను చూశాను,” అన్నాడు బావ అయిష్టంగా. “ఏం చూశానో తెలియదు కానీ చూశాను.”

“అయితే మిగిలింది ప్లానర్.”

“ప్లానరా? వాడెవడు?” బావ చేతులు విడిపోయాయి. “ఈ గదిలో ఇంకొకడు పనిచేస్తున్నాడా? నాకెందుకు చెప్పలేదు?”

“మనిషి కాదు సార్,” అన్నాడు మాస్టారు మెల్లగా, తరగతిలో వెనక బెంచీ పిల్లవాడికి చెప్పినట్టు. “డేటాబేస్‌లోనే ఉంటుంది. మనం ప్రశ్న అడగ్గానే, ఇండెక్స్ పట్టుకుని వెళ్ళాలా, మొదటి వరుస నుంచి చివరి దాకా అన్నీ చదువుకుంటూ పోవాలా అని దారి తేల్చేది అదే. ఏ దారి తక్కువ పనో చూసుకుంటుంది. పుస్తకంలో ఒక్కచోట వచ్చే మాట కావాలంటే వెనక పట్టిక చూస్తాం. ప్రతి పేజీలోనూ ఉండే మాట కావాలంటే పట్టిక చూసి, పేజీ తిప్పి, మళ్ళీ పట్టిక చూసి, ఇలా తిరగడం దండగ కదా. మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోవడమే నయం.”

“మరి ఆ మాట ఒక్కచోట ఉందో ప్రతిచోటా ఉందో దానికి ముందే ఎలా తెలుస్తుంది?”

ప్రశ్న సూటిగా వచ్చింది. డిటెక్టివ్ బావ వంక మెచ్చుకోలుగా చూసింది. ఆయనకు తెలియకుండానే కేసులోకి అడుగుపెట్టాడు.

“వారానికోసారి శాంపిల్ తీసుకుంటుంది సార్. ముప్పై వేల వరుసలు అక్కడక్కడా ఏరి, ఏ గుర్తు ఎంతమందికి ఉందో అంచనా కట్టి గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ వారం దాకా ఆ అంచనాతోనే పని.”

“అంటే అసలు సంగతి చూడకుండా, ఎప్పుడో విన్నది పట్టుకుని తీర్పు చెప్పేస్తుందన్నమాట.”

“నీలాగే,” అంది డిటెక్టివ్.

“పెద్దంతరం చిన్నంతరం లేకుండా పోయింది,” అంటూనే బావ కుర్చీ లాక్కుని వాళ్ళ వెనక కూర్చున్నాడు.

మాస్టారు ప్రశ్న ముందు ఒక మాట చేర్చి మీట నొక్కాడు. పని చెయ్యకుండా, పని ఎలా చెయ్యదలుచుకుందో చెప్పమని ప్లానర్‌ను అడిగే పద్ధతి అది. తెర మీద మూడు వరుసలు వచ్చాయి. మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని ఒకసారి, కిందికి దించుకుని ఒకసారి చదివాడు.

“ఇండెక్స్ వద్దంటోంది. మొత్తం చదువుతానంటోంది.”

“ఎంతమంది దొరుకుతారని అనుకుంటోంది?”

“ముప్పై ఆరు లక్షల మంది.”

బావ కుర్చీలోంచి ముందుకు వంగి ఆ అంకె చూశాడు.

“నలభై లక్షల్లో ముప్పై ఆరు లక్షల మందికి ఆ ఇంజెక్షన్ పడదా?” అన్నాడు బావ. “అయితే ఊళ్ళో సగం మంది ఈపాటికి...”

“నిజంగా ఉన్నది ఎంతమంది మాస్టారూ? లెక్కపెట్టించండి.”

లెక్కకు పదకొండు నిమిషాలు పట్టింది.  బావ మోకాలు పిసుక్కుంటుంటే, “అక్క ఇచ్చిన నూనె రాస్తున్నావా లేదా?” అని ఆమె తల తిప్పకుండానే అడిగింది. “వాసన,” అన్నాడాయన. అంకె వచ్చింది. నాలుగు వేల నూట పన్నెండు.

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలాడు. “నేనూ నిన్న ఇక్కడిదాకా వచ్చానమ్మా. శాంపిల్ తప్పు తీసుకుందేమో, మళ్ళీ తీయిస్తే సర్దుకుంటుందని సార్‌తో అన్నాను. దేన్నీ ముట్టుకోవద్దన్నారు.”

“ముట్టుకోకపోవడమే మంచిదైంది. ముట్టుకునుంటే సాక్షి నోరు మనమే మూసేసినట్టయ్యేది.” ఆమె తెర మీద వేలు పెట్టింది. “ముప్పై వేల వరుసలు ఏరితే, నాలుగు వేల మందున్న గుర్తు పదింట తొమ్మిదిసార్లు తగలడం జరిగే పని కాదు. ప్లానర్‌కి అబద్ధం చెప్పడం రాదు, చూసింది గుర్తుపెట్టుకోవడం ఒక్కటే వచ్చు. అది శాంపిల్ తీసుకున్న క్షణంలో ఆ టేబుల్‌లో నిజంగానే ముప్పై ఆరు లక్షల మందికి ఆ గుర్తు ఉంది. ఆ శాంపిల్ ఎప్పుడు తీసుకుంది?”

మాస్టారు వెతికాడు.  “ఆదివారం. రెండు గంటల పది నిమిషాలకి.”

బావ తన దగ్గరున్న టైములు గుర్తుచేసుకున్నాడు. ఒకటి యాభై ఎనిమిది నుంచి రెండు ఇరవై ఒకటి. నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

“ఎవరో ఈ గదిలో కూర్చుని లక్షల పేర్లకి గుర్తు పెట్టారు, తర్వాత తీసేశారు,” అంది డిటెక్టివ్. “సరిగ్గా నడుమ ప్లానర్ వచ్చి ఫొటో తీసుకుని వెళ్ళిపోయింది. ఆ పని చేసినవాళ్ళకి ఈ సంగతి తెలియదు. సోమవారం నుంచి ఇండెక్సును కాదంటున్నది అందుకే. మాస్టారూ, ఆదివారం ఆ టైములో మీరెక్కడున్నారు?”

“ఇక్కడికే వచ్చాను. ప్రతి ఆదివారం వస్తాను. రెండుకి ఐదు నిమిషాలుందనగా ఫోన్ వచ్చింది, నాలుగో అంతస్తులో ప్రింటర్ ఆగిపోయిందని. వెళ్తే అది బ్రహ్మాండంగా పనిచేస్తోంది. పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. పోనీలే అని దాన్ని తుడిచి, సిరా నింపి వచ్చాను.”

“ఇక్కడ లాగిన్ ఆపి, తెర మూసి వెళ్ళారా?”

ఆయన తల దించుకున్నాడు. “ప్రతివాళ్ళకీ నేర్పే మొదటి పాఠం అది. నేను మూయలేదు.”

“సోమవారం ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు?” అన్నాడు బావ.

“మీరు ‘ఎందుకు చేశావు’ అని అడిగారు సార్. ‘ఎక్కడున్నావు’ అని అడగలేదు.”

బావ చెవులు ఎర్రబడ్డాయి. తనంతట తనే చెప్పాడు. “సోమవారం పొద్దున నా బల్ల మీదికి ఒక రిపోర్టు వచ్చింది. వారంలో ఎవరెవరి హెచ్చరికలు మారాయో పేర్ల జాబితా. ఎప్పుడూ ఒక పేజీ ఉంటుంది. ఆ రోజు తెరిస్తే ఎంత కిందికి లాగినా అయిపోలేదు. మిషన్ పిచ్చెక్కిందనుకుని పక్కన పడేశాను.”

“అలా పడేస్తావనే అన్ని లక్షలు మార్చారు బావా. నాలుగైదు పేర్లు మాత్రమే మారితే నువ్వు చదివేవాడివి.” ఆమె ఆగింది. తను అన్న మాట తనకే అప్పుడు పూర్తిగా అర్థమైంది. “మాస్టారూ, శనివారం ఈ గుర్తున్నవాళ్ళు ఎంతమంది?”

శనివారం తీసిన బ్యాకప్ అల్మారాలో ఉంది. దాని మీద సెక్యూరిటీ సీలు ఉంది. బావ సీలు చించేశాడు. ఆ నకలులో ప్లానర్ ఇంకా పాత జ్ఞాపకంతోనే ఉంది కాబట్టి ఇండెక్స్ పట్టుకుని రెప్పపాటులో జవాబిచ్చింది. నాలుగు వేల నూట పంతొమ్మిది.

“ఏడుగురు తక్కువ,” అన్నాడు మాస్టారు.

“గుర్తు తీసెయ్యాలనుకున్నది ఆ ఏడుగురికే. మిగతాదంతా దుమ్ము రేపడం. పేర్లు తియ్యండి. ముందు, ఈ ఏడుగురిలో ఇప్పుడు ఆస్పత్రిలో ఎవరైనా ఉన్నారేమో చూడండి.”

ఒక్కరున్నారు. కుట్టుపని చేసుకునే ఒకావిడ. పిత్తాశయం ఆపరేషన్, రెండో థియేటర్, పదకొండున్నరకి. గడియారంలో పదకొండు ఇరవై రెండు.

డిటెక్టివ్ థియేటర్‌కి ఫోన్ చేసింది. ఎంగేజ్. మళ్ళీ చేసింది. అదే. ఆవిడ పేరూ నంబరూ చీటీ మీద రాసి, ‘ఆ మత్తు ఇంజెక్షన్ ఇవ్వొద్దు’ అని కింద గీత గీసి తిరిగేసరికి బావ చెయ్యి చాచి ఉన్నాడు.

“నేను వెళ్తాను. నన్నయితే తలుపు దగ్గర ఎవరూ ఆపరు.”

“మూడంతస్తులు. నీ మోకాలు...”

“నా మోకాలు సంగతి మీ అక్కకి చెప్పకు.” ఆ మాట వినిపించేసరికే మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది.

ఆమె ఫోన్ చేస్తూనే ఉంది. మాస్టారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. “నేను ఆ రోజు తెర మూసుంటే...” అన్నాడు.

“మీరు మూసుంటే ఇంకెవరి తెరో తెరుచుకునేది. ఇలా చూడండి. ఆ ఇండెక్స్ మొరాయించకపోతే ఎవరికీ ఏ అనుమానమూ వచ్చేది కాదు. ఆ కుట్టుపని ఆవిడకి ఏమైనా అయితే ఖర్మ అనుకునేవాళ్ళు. పదిహేనేళ్ళు మీరు సాకిన డేటాబేస్ మీ తరఫున సాక్ష్యం చెప్పింది. ఇప్పుడు నాకు ఇంకొక్క పని చేసిపెట్టండి. శనివారం నకలులో ఆ ఏడుగురికీ హెచ్చరిక రాసింది ఏ డాక్టరో చూడండి.”

ఆయన కళ్ళు తుడుచుకుని మీటల మీదికి వంగాడు.

బావ వచ్చేసరికి పదకొండు ముప్పై ఎనిమిది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. తలుపు పట్టుకుని కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు.

“ఆపేశారు. మందు సిరంజిలో ఎక్కించి పెట్టుంది చిట్టీ. చీటీ చదివి ఆ డ్యూటీ డాక్టరమ్మ దాన్ని పక్కన పెట్టేసింది. పేషెంటుకేం కాలేదు, వార్డుకి పంపేశారు.”

డిటెక్టివ్ కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టి, తన నీళ్ళ సీసా మూత తీసి చేతికిచ్చింది.  భుజం మీద వేసిన చెయ్యి కాసేపటి వరకు తియ్యలేదు.

సగం సీసా తాగి ఆయన మాస్టారి వైపు తిరిగాడు. “మాస్టారూ, మీ విషయంలో తొందరపడ్డాను. పోలీసులకి నేనే ఫోన్ చేసి రావద్దని చెప్తాను. సోమవారం లాక్కున్న మీ తాళాలు ఇవిగో.” గుత్తి బల్ల మీద పెట్టాడు. “నేలమాళిగలో పాత కాగితాల గదిది ఒక్కటి తర్వాత ఇస్తాను. అది పెద్ద మత్తు డాక్టరు తీసుకున్నారు. ఆయనెంత మంచి మనిషో. గొడవ విని పక్క థియేటర్ నుంచి వచ్చి, చీటీ చూసి, నన్ను మెచ్చుకుని, ‘ఈవిడదే కాదు, మిగతా ఆరుగురి పాత కేసు షీట్లు కూడా నేనే స్వయంగా చూస్తాను, ఇక పొరపాటు జరగదు’ అన్నారు.”

డిటెక్టివ్ చెయ్యి ఆయన భుజం మీది నుంచి జారింది.

“బావా. నేనిచ్చిన చీటీలో ఎన్ని పేర్లున్నాయి?”

“ఒకటి.”

“ఇంకా ఆరుగురు ఉన్నారని నువ్వు చెప్పావా?”

“నేనెక్కడ చెప్పాను? నాకు ఊపిరే అందలేదు. చీటీ చేతిలో పెట్టి తలుపుకి జారబడ్డాను. ఆయనే అన్నారు, మిగతా ఆరు...” 

మాస్టారు తెర నుంచి తల తిప్పలేదు. “ఏడుగురికీ రాసింది ఒక్కరేనమ్మా, ఆ పెద్ద మత్తు డాక్టరే,” అన్నాడు. “రెండేళ్ళలో ఏడుగురు. అందరికీ ఇక్కడే, ఆయన చేతి మీదుగానే ఇంజెక్షన్ వికటించింది. శుక్రవారం ఆయనకి విభాగం పెద్దగా ప్రమోషన్ ఇంటర్వ్యూ. పాత కేసులన్నీ చూస్తారు.” మెల్లగా అన్నాడు. “నా దగ్గర అందరికంటే బాగా నేర్చుకున్నది ఆయనే.”

టేబుల్‌లో ఉండేది గుర్తు మాత్రమే. ఎవరికి ఎంత మందు ఇచ్చారో, పరీక్ష చేశారో లేదో, ఏం జరిగిందో రాసి ఉండేది ఆ కాగితాల్లో. అవి పోతే ఆ ఏడుగురి తరఫున చెప్పేందుకు ఇంకేమీ మిగలదు.

డిటెక్టివ్, బావ ఒకేసారి తలుపు వైపు కదిలారు. బావ నడుస్తూనే వాకీటాకీలో గేట్లన్నీ మూయమన్నాడు. నేలమాళిగ మెట్లు సగం దిగేసరికి కాగితం కాలుతున్న వాసన వచ్చింది. కింద, మూసిన ఇనుప తలుపు కింది సందులోంచి సన్నగా పొగ పాకుతోంది. లోపలి నుంచి గడియ వేసి ఉంది.

ఆమె ఈ వృత్తిలోకి వచ్చిన ఇరవై ఆరేళ్ళలో ఇలాంటి తలుపు ఎదురైన ప్రతిసారీ ఆయన, “నువ్వు వెనక్కి ఉండు” అనేవాడు. ఈసారి అనలేదు. భుజం తలుపుకి ఆనించి, పక్కన ఆమెకు చోటు వదిలాడు.

“మూడు అనగానే ఇద్దరం చిట్టీ,” అన్నాడు. “ఒకటి.”